ఖో అందేదాకా

పిల్లలను వరసలో నిలబెట్టడం సంతోషి పని. మెట్ల మీద తోసుకోకుండా కిందికి దించడం, నీళ్ల సీసాలు గోడ వారగా పెట్టించడం, ఊడిన బూట్ల లేసులు కట్టడం, చెవిదుద్దులు తీయించి దస్తీలో మూట కట్టడం, ఇవాళ పరుగెత్తలేనని చెవిలో చెప్పిన ఆడపిల్లను ఎందుకని అడగకుండా నీడలో కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆమె పనులే. విజిల్ ఊదడం మాత్రం ఆమె పని కాదు. ఆ సంగతి ప్రిన్సిపాల్ హైమవతి ఆమె చేరిన రోజే తేల్చి చెప్పింది.

"నువ్వు అసిస్టెంటువి సంతోషీ. ఆడించేది పీఈటీ. విజిల్ ముట్టుకోవద్దు."

చెప్పడం బాగానే చెప్పింది గానీ, ఆ ఆడించేవాడు బడిలో ఉంటే కదా! సంక్రాంతి సెలవులు అయ్యాయంటే పీఈటీ ఫణి చేతిలో బంతికి బదులు కరపత్రాలు ఉంటాయి. ఆదిభట్ల చుట్టూ లేచిన కొత్త అపార్టుమెంట్లలో గడప గడపకూ తిరిగి, మా బడిలో ఇంత ఆటస్థలం ఉంది, ఇన్ని ఆటలు నేర్పుతాం అని చెప్పి అడ్మిషన్లు పట్టుకురావాలి. ఆటలు నేర్పే మనిషిని బయటికి తరిమి, ఆటలు నేర్పుతున్నామని అతని చేతే చెప్పించడం ఆ యాజమాన్యానికే చెల్లింది.

"సంతోషిగారూ, ఈ ఒక్క పీరియడ్ కాస్త చూసుకోండి," అని ఫణి విజిల్‌ను స్పోర్ట్స్ గది కిటికీలో పెట్టి బైకెక్కేవాడు. ఆ ఒక్క పీరియడ్ రెండేళ్లుగా సాగుతూనే ఉంది.

ఆ మంగళవారమూ అతను అలాగే వెళ్లాడు. ఏడో తరగతి ఆడపిల్లలు కిందికి దిగేసరికి ఎండ గోడ దాటి లోపలికి వచ్చింది. ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు పక్కనే ఉంటుంది బడి. దాని ఆటస్థలంలో సగాన్ని కొత్త బ్లాకు మింగేసింది. మిగిలిన సగంలో సిమెంటు ఇటుకలు పరిపించారు, వార్షికోత్సవానికి వచ్చే కార్లకు మట్టి అంటకూడదని. పిల్లల మోకాళ్లకు ఏం అంటినా ఫరవాలేదు కాబోలు. నేల తవ్వడానికి వీల్లేదు కనుక ఖోఖో స్తంభాలను పాత లారీ టైర్లలో సిమెంటు పోసి నిలబెట్టారు. రెండింటిలో గేటు వైపుది సరిగ్గా కూర్చోదు. చెయ్యి వేస్తే ఊగుతుంది. సంతోషి ఫణికి చెప్పింది. ఫణి ఆఫీసులో చెప్పాడు. వార్షికోత్సవం అయ్యాక చూద్దామని ఆఫీసువాళ్లు అన్నారు.

ఆమె టైరు పక్కన గొంతుక్కూర్చుని, కొత్త బ్లాకు దగ్గర నుంచి తెచ్చిన కంకర రాయి ఒకటి సందులో దోపింది. లేచి స్తంభాన్ని ఊపి చూసింది. ఊగలేదు. ఇంకోసారి గట్టిగా ఊపింది. కొంచెం కదిలినట్టే అనిపించింది.

"అక్కా, పీరియడ్ అయిపోతుందక్కా!" అని శ్రీలేఖ అరిచింది. ఆ పిల్లకు ఆటంటే ప్రాణం. క్లాసులో నోరు తెరవదు గానీ, గ్రౌండులో దాన్ని పట్టడం ఎవరి తరం కాదు.

అందరు టీచర్లూ మేడమ్‌లు. సంతోషి ఒక్కతే అక్క. పిల్లలు ప్రేమగానే పిలుస్తారు, ఆమెకూ తెలుసు. అయినా ఒక్కరోజైనా మేడం అనిపించుకోవాలని ఆమెకు ఉండేది. కోరుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా.

పిల్లలు గళ్లలో కూర్చున్నారు, ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి. ఆమె వాళ్ల మధ్య నడుస్తూ మోకాళ్లు సరిచేసింది, మడమలు ఎత్తించింది.

"ఖో అందేదాక ఎవలు లేవొద్దు. వెనుక నుంచి చెయ్యి పడాలె, మాట ఇనపడాలె. రెండూ అయితెనే లేవాలె. లేసి ఒక దిక్కు పోయినంక మల్ల వెనక్కి మర్లద్దు. తెలిసిందా?"

"తెలిసిందక్కా!"

చున్నీని భుజం మీద నుంచి నడుముకు చుట్టి ముడి వేసుకుంది. విజిల్ ఊదింది. రెండేళ్లుగా దొంగతనంగా ఊదుతున్నా, ఊదిన ప్రతిసారీ ఆమె గుండె ఒకసారి ఉప్పొంగుతుంది.

ఆట మంచి ఊపులో ఉంది. శ్రీలేఖకు ఖో అందింది. ముందు పరుగెత్తుతున్న పిల్ల గేటు వైపు స్తంభం చుట్టూ తిరగబోయింది. శ్రీలేఖ ఎడమచేత్తో స్తంభాన్ని పట్టుకుని, ఒళ్లంతా ముందుకు వంచి, కుడిచెయ్యి చాచింది. సంతోషి నేర్పినట్టే చాచింది. టైరు కింది రాయి జారి స్తంభం ఒరిగింది. పిల్ల సిమెంటు ఇటుకల మీద ఆ కుడిచేతి మీదే పడింది.

సంతోషి పరుగెత్తే లోపే ముంజేయి వంకర కనిపించింది. "కదలకు బిడ్డా, కదలకు, నేనున్న," అంటూ పక్కన మోకాళ్ల మీద కూలబడింది. ఎవరో అట్ట పరీక్ష ప్యాడ్ తెచ్చిస్తే చెయ్యి కింద పెట్టి, దస్తీతో కట్టింది. నడుముకున్న పచ్చ చున్నీ విప్పి, మెడ వెనక ముడి వేసి, చేతిని అందులో ఆనించింది. పిల్ల ఏడవలేదు. పెదవి కొరుక్కుంటూ, "అక్కా, అవుటేనా?" అని అడిగింది.

"అవుటే బిడ్డా. నువ్వు ముట్టినవ్, నేను చూసిన," అంది సంతోషి. ఏడుపు ఆమెకే వచ్చింది.

హైమవతి వచ్చింది, చూసింది, ఇంగ్లీషు టీచరును తోడిచ్చి పిల్లను స్కూలు వ్యానులో దవాఖానకు పంపింది. సంతోషి కూడా ఎక్కబోతే, "నువ్వు క్లాసు చూసుకో," అని తలుపు వేయించింది. చున్నీ లేకుండా, చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, సంతోషి వ్యాను వైపే చూస్తూ నిలబడింది.

బుధవారం పొద్దున ప్రిన్సిపాల్ పిలుస్తోందంటే తన పని అయిపోయిందనే అనుకుంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. రాయి సంగతి చెప్పాలి. స్తంభం సంగతి ముందే చెప్పామని చెప్పాలి. చివరికి తప్పయింది మేడం అనాలి. ఆ మూడూ ఏ వరసలో చెప్పాలో మాత్రం తేలలేదు.

లోపల టేబుల్ మీద నీలం రంగు ట్రాక్‌సూట్ మడత పెట్టి ఉంది. దాని మీద కొత్త విజిల్, ఎర్ర తాడుతో.

"కూర్చో," అంది హైమవతి. రెండేళ్లలో ఆ మాట ఆమె నోట రాలేదు. "ఆడపిల్లలకు లేడీ పీఈటీ ఉండాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. నువ్వు బాగా కష్టపడుతున్నావు. కరస్పాండెంట్ గారితో మాట్లాడాను. ఈరోజు నుంచి నువ్వే పీఈటీవి. పిల్లలు మేడం అనే పిలవాలి. అసెంబ్లీలో చెప్తాను."

సంతోషి చెయ్యి దానంతట అదే ట్రాక్‌సూట్ మీదికి పోయింది. జారుడుగా, చల్లగా ఉంది బట్ట.

"మరి, నిన్న... శ్రీలేఖ..."

"ఆ పిల్లకు బాగానే ఉంది. కట్టు వేశారు. అది నేను చూసుకుంటాను."

ఇవాళే ఎందుకు అని ఆమె మనసులో ఒక ప్రశ్న లేచింది. లేచిన దాన్ని ఆమే కూర్చోబెట్టింది. మనిషి ఎంతకాలంగానో కోరుకున్నది ఎదురుగా మడత పెట్టి ఉన్నప్పుడు ప్రశ్నలు ఎవరికి కావాలి?

అసెంబ్లీలో చప్పట్లు కొట్టారు. ఆరో తరగతి పిల్లలు గుడ్ మార్నింగ్ మేడం అన్నారు. ఏడో తరగతి పిల్లలు మాత్రం అక్క అని నాలుక కరుచుకుని, నవ్వి, మేడం అన్నారు. సంతోషి అందరి ముందూ విజిల్ ఊదింది. కిటికీలో ఉంచిన విజిల్ కాదు, మెడలో వేలాడుతున్న విజిల్. చుడీదార్ మీద వేసుకున్న జాకెట్ జిప్పు గొంతు దాకా లాగితే చున్నీతో పనే లేదు. చేతులు ఎత్తవచ్చు, వంగవచ్చు, ఎవరైనా చూస్తున్నారేమోనని పిన్నీసు తడుముకోనక్కర్లేదు. ఆ పొద్దంతా ఆమె నేల మీద లేదు.

ఒక్క ఫణి మాత్రం ఆమెను తప్పించుకుని తిరిగాడు. స్పోర్ట్స్ గది దగ్గర ఎదురుపడితే, "బాగుందండీ డ్రెస్సు," అని కరపత్రాల కట్ట చంకలో పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు. గేటు వైపు స్తంభం, టైరుతో సహా, మాయమైంది. అది ఉన్నచోట ఇటుకలను ఎవరో కడిగారు.

సాయంత్రం ఇంట్లో భర్త దివాకర్ ఆమెను గుమ్మంలో నిలబెట్టి ఫోనులో ఫోటో తీశాడు. అతను ఆదిభట్లలో కంపెనీ బస్సు నడుపుతాడు. "జర అటు మర్లు. వీపు మీద బడి పేరు కనపడాలె," అన్నాడు. "నా పెండ్లాం పీటీ మేడం. ఇగ మాతోని మాట్లాడుతవా లేదా?"

"నీతోని పరేడు చేపిస్త," అంది సంతోషి. ఇద్దరూ నవ్వుకున్నారు.

గురువారం సాయంత్రం దివాకర్ ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"మీ బళ్లె చెయ్యి ఇరిగిన పిల్ల పేరేంది?"

"శ్రీలేఖ. ఎందుకు?"

"గా పిల్ల నాయిన మా బస్సుల్నే వస్తడు. శేషగిరిరావు సార్. నా వెనుక సీట్ల కూసోని ఫోన్ మాట్లాడిండు. నేను ఇనద్దనుకున్న గని చెవులల్ల పడ్డది. బడోళ్లు చెప్పిన్రట, పీటీ మేడం దగ్గర ఉండి ఆడిపించిందట, స్తంభం ముట్టొద్దని చెప్పిందట. పిల్లనే ఇనకుండ ఉరికిందట." దివాకర్ ఆమె వైపు తిరిగాడు. "పీటీ మేడం అంటె ఎవలు?"

సంతోషి పొయ్యి మీద అన్నం దించబోతోంది. మసిబట్ట చేతిలోనే ఉండిపోయింది. తలుపు వెనక కొక్కేనికి నీలం జాకెట్ వేలాడుతోంది. దివాకర్ దానివైపే చూస్తున్నాడు.

"మంగళారం నాడు నేను పీటీని కాదు," అంది ఆమె.

"మరి గట్లనే చెప్పు."

"చెప్తె, అసిస్టెంటువి నీకు విజిల్ ఎవలిచ్చిన్రు అంటరు. ఆడిపియ్యలేదంటె, మరి పిల్ల పడేదాక ఏం చూసినవ్ అంటరు." ఆమె కూడా జాకెట్ వైపు చూసింది. "ఎటు మర్లినా నన్నే పట్టుకుంటరు."

అన్నం మాడిన వాసన వస్తే గబుక్కున దించింది. సంతోషికి కోపం హైమవతి మీద కన్నా తన మీదే ఎక్కువగా వచ్చింది. ఆ గుడ్డ ముట్టుకున్నప్పుడు అంత మురిసిపోయిందే, అందుకు సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున్నే నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నిలబడే అడిగింది.

"మేడం, శ్రీలేఖ నా మాట ఇనలేదని చెప్పిన్రట."

హైమవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమె రాత్రి నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది. "చూడు సంతోషీ, అసిస్టెంటుగా ఉండి ఆడించావంటే అది నీ తప్పు. ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా కావచ్చు. పీఈటీగా ఉండి ఆడించావంటే అది ప్రమాదం. ఆటల్లో దెబ్బలు తగులుతూనే ఉంటాయి. రెండింట్లో నీకేది కావాలి?"

"పిల్ల మీద ఎందుకు మేడం?"

"పిల్లను ఎవరేమంటారు? ఇంట్లో నాలుగు రోజులు అంటారు, మరిచిపోతారు. పన్నెండేళ్ల పిల్లకు ఉద్యోగం పోతుందా? ఆయన పదింటికి వస్తారు. జాకెట్ వేసుకునే ఉండు."

పది దాకా సంతోషి స్పోర్ట్స్ గదిలో బంతులకు గాలి కొట్టింది. గాలి ఉన్న వాటికి కూడా కొట్టింది. పిల్లను ఎవరేమంటారు అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. ఒకరకంగా చూస్తే నిజమే. నాలుగు రోజులు తిట్లు తింటుంది, కట్టు విప్పుతారు, మళ్లీ ఆడుతుంది. తను ఇక్కడే ఉంటుంది, ఈ విజిల్ మెడలో ఉంటుంది, దానికి ఇంకా బాగా నేర్పుతుంది. ఈ లెక్కలో నష్టం ఎవరికని తనను తాను అడిగి చూసుకుంది. ఎవరికీ లేదనే జవాబు వచ్చింది. అయినా ఇంకో బంతి అందుకుంది.

శేషగిరిరావు కంపెనీ కార్డు మెడలో వేసుకునే వచ్చాడు. సగంరోజు సెలవు పెట్టినట్టున్నాడు. పక్కన శ్రీలేఖ, కుడిచేతికి మోచెయ్యి దాటి సిమెంటు కట్టు. దవాఖానవాళ్లు ఇచ్చిన పట్టీ కాదు, సంతోషి పచ్చ చున్నీయే ఉతికి, ఇస్త్రీ చేసి, మెడకు కట్టి ఉంది. ప్రిన్సిపాల్ గదిలోకి అడుగు పెడుతూనే సంతోషి అది చూసింది.

"వీరేనండీ మా పీఈటీ మేడం," అంది హైమవతి. "ఆ సమయంలో అక్కడే ఉన్నారు. ఏం జరిగిందో మీరే చెప్పండి మేడం."

సంతోషి నోరు తెరిచింది. ఏ మాట బయటికి వస్తుందో ఆమెకే తెలియదు. అంతలో శ్రీలేఖ ముందుకు వచ్చింది.

"నాదే తప్పు నాన్నా. స్తంభం పట్టుకోవద్దని మేడం ముందే చెప్పారు. నేనే వినలేదు."

గడగడా అప్పజెప్పేసింది. చెప్పి, తండ్రి వైపు కాదు, సంతోషి వైపు చూసింది. ఆటలో ఖో ఇచ్చి, సరిగ్గా ఇచ్చానా అక్కా అని చూస్తుందే, అచ్చం అలాగే. ఇంట్లో ఎన్ని చీవాట్లు తిని ఉంటుందో, ఎన్నిసార్లు ఈ మాటే చెప్పి ఉంటుందో! ఎవరు నేర్పారు దీనికి? ఎవరూ నేర్పి ఉండరు. నిజం చెబితే అక్క పోతుందని దానికదే తెలుసుకుంది. బడిలో పెద్దవాళ్లు కూడబలుక్కున్న అబద్ధాన్ని ఆ పిల్ల ప్రేమతో తన నెత్తిన వేసుకుంది. హైమవతి మొహంలో ముడి విడిపోవడం సంతోషి చూసింది. అది చూశాక ఇంక ఆగలేకపోయింది.

"లేదు సార్," అంది. "పిల్ల అబద్ధం చెప్తున్నది. స్తంభం పట్టుకొమ్మని నేర్పింది నేనే. అది ఊగుతదని నాకెరుక. మస్తు సార్లు చెప్పినం, ఎవలు బాగు చెయ్యలేదు. మంగళారం నాడు దాని కింద రాయి దోపి ఆడిపిచ్చిన. రాయి జారింది. నేను పీటీని కాదు సార్, అసిస్టెంటును. ఈ జాకెట్ నాకు బుధారం నాడు ఇచ్చిన్రు."

"సంతోషీ!" అంది హైమవతి.

శేషగిరిరావు మొహం ఎర్రబడింది. నిజం చెప్పిందని మెచ్చుకుంటాడేమోనని ఆమె ఆశ పడలేదు, అతను మెచ్చుకోనూ లేదు. "తెలిసే ఆడించారా? ఊగుతోందని తెలిసే? మీ సొంత పిల్లయితే ఇలాగే ఆడిస్తారా?"

"ఆడిపిస్తుంటి సార్. వారానికి ఉన్నయే రెండు పీరియడ్లు. ఆడొద్దని కూసోపెట్ట బుద్ధి కాలేదు. నాదే తప్పు. గని పిల్లది మాత్రం కాదు. దాన్ని ఏమనకుండ్రి."

అతను కూతురి వైపు చూశాడు. శ్రీలేఖ తల దించుకుంది. అతని చెయ్యి పిల్ల తల మీదికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. మూడు రోజులుగా పిల్లను ఏమేమి అన్నాడో అవన్నీ అతనికి గుర్తుకొస్తున్నట్టున్నాయి. తరవాత హైమవతి వైపు తిరిగాడు.

"అయితే అసలు పీఈటీ ఎక్కడున్నారండీ ఆ రోజు?"

"ఆయన అడ్మిషన్ల పని మీద..." అని, హైమవతి ఆగిపోయింది.

"మా అపార్టుమెంటుకు వచ్చింది ఆయనేనా? పెద్ద ఆటస్థలం అని చెప్పి వెళ్లాడు." శేషగిరిరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మనం చాలా మాట్లాడాలి. ముందు ఈవిడను పంపేయండి. నా పిల్లున్న బడిలో ఈవిడ ఉండడానికి వీల్లేదు."

హైమవతి సంతోషి వైపు చూడకుండానే తల ఊపింది.

సంతోషి జిప్పు కిందికి లాగింది. జాకెట్ విప్పి, చేతులు లోపలికి మడిచి, వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే మడత పెట్టి టేబుల్ మీద పెట్టింది. మెడలోంచి విజిల్ తీసి దాని మీద పెట్టింది. ఆ విజిల్ వదలడం చాలా కష్టమైంది.

బయటికి వచ్చింది. ఆఫీసు ముందు తల్లిదండ్రులు కూర్చునే బెంచీ మీద, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. వెనక తలుపు సగం తెరిచే ఉంది. లోపల గొంతులు లేస్తున్నాయి. ఆయన వెళ్లిపోయాక హైమవతి పిలుస్తుందేమో. ఏదో కోపంలో అన్నారులే, జాకెట్ లేకపోతే మానె, మామూలుగా పని చేసుకో అంటుందేమో. పీరియడ్ గంట కొడతారు, ఆరో తరగతి పిల్లలు దిగుతారు, లేసులు కట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరో ఒకరు పిలవకపోతారా? ఇలా రెండేళ్లు కూర్చుంది. ఇంకాసేపు కూర్చోలేదా?

వీపు మీద ఒక చెయ్యి పడింది. చిన్న చెయ్యి, ఎడమ చెయ్యి.

"ఖో," అంది శ్రీలేఖ.

మెల్లగానే అంది, లోపల తండ్రికి వినపడకుండా. సంతోషి వెనక్కి తిరిగి చూడబోయి ఆగింది. వెనక నుంచి చెయ్యి పడాలి, మాట వినపడాలి. రెండూ అయ్యాయి.

లేచింది. ఎడమ పక్క స్టాఫ్ రూములో ఆమె టిఫిన్ డబ్బా ఉంది, పొద్దున దివాకర్ సర్ది ఇచ్చింది. కుడి పక్క గేటు ఉంది. ఒంటి మీద చున్నీ లేదు. ఆ వరండాలో రెండేళ్లుగా చున్నీ లేకుండా ఆమె ఒక్క అడుగు వేసి ఎరగదు. చేతులు ఛాతీ మీద కట్టుకోబోయి, వదిలేసింది. సంతోషి గేటు వైపు నడిచింది. డబ్బా కోసం వెనక్కి రాలేదు.